తిరిగి వచ్చిన వేళ

సోమవారం

ప్రియమైన బావకి, అంటే మా అక్కని ఇరవై ఆరేళ్ళుగా ఓర్చుకుంటున్న మహానుభావుడికి,

నీ బావమరిది క్షేమంగా ఇల్లు చేరాడు. క్షేమం అన్నానని మరీ పొంగిపోకు. ముక్కు మీద తోలు ఊడింది. పెదాలు పగిలి, నవ్వితే రక్తం వస్తోంది. నవ్వకుండా ఉండటం నాకు చేతకాదని నీకు తెలుసు. ఎడమ బూటు దులిపితే మీ ఎడారి దోసెడు రాలింది. మా ఆవిడ దాన్ని చీపురుతో ఊడుస్తూ, ఇంతదూరం పోయి తెచ్చింది ఇదేనా అంది. నీ కాపలాలో ఉన్న పార్కు లోంచి రాయి గానీ రప్ప గానీ తీసుకుపోకూడదని నువ్వే కదా నా చేత బోర్డు రాయించావు. ఈ దోసెడూ కవర్లో పెట్టి తిరిగి పంపించమంటావా?

నిన్న తెల్లవారుజామున వ్యానెక్కేటప్పుడు నిన్ను లేపలేదు. నువ్వు గురక పెడుతుంటే కొండలే బదులు పలుకుతున్నాయి, పాపం వాటి కబుర్లు ఎందుకు చెడగొట్టాలనిపించింది. మీ కొండల మధ్య ఫోను పలకదు గనక ఈ కాగితం మీద పడ్డాను. వారానికి రెండుసార్లు మీకు నీళ్ళు తెచ్చే లారీ అతను ఉత్తరాలు కూడా మోస్తాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే మనిద్దరం పావురాలు పెంచుకోవాల్సి వచ్చేది.

బోర్డుల మీద రంగు ఆరిందా? ఏటా చలికాలంలో నన్ను సెలవులకి రమ్మని పిలిచి, ఎండకి వెలిసిపోయిన బోర్డులన్నీ నా చేత రాయించుకునే నీ తెలివికి ఒక దండం. ఈసారి పదకొండు రాశాను. 'జంతువులకు తిండి పెట్టరాదు' అన్న దాని కింద చిన్నక్షరాలతో 'మీ వంట అవి తినవు' అని ఒక ముక్క చేర్చాను. నువ్వు చూసి ఉండవు. చూస్తే నేను వ్యానెక్కక ముందే నాకు తిట్లు పడి ఉండేవి. అక్షరం బాగుందిలే, ఉంచెయ్యి. ఏడో తరగతితో చదువు వదిలేసినా, అక్షరాలు మాత్రం నన్ను వదల్లేదు.

అయినా మీ పార్కుకి వచ్చే జనాన్ని చూస్తే నాకు ఏడాదికి సరిపడా కాలక్షేపం. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా పెళ్ళాం చేతే తెప్పించుకునే మనిషి ఇక్కడికొచ్చి, వీపు మీద బస్తా వేసుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని కొండెక్కుతాడు. ఎందుకయ్యా అంటే హాయి అంటాడు. ఆ బ్యాంకు గుమాస్తా గుర్తున్నాడా? ఇసుక దిబ్బ మీంచి కూర్చుని జారి, ప్యాంటు వెనక భాగం దిబ్బకి సమర్పించుకున్నాడు. సాయంత్రం దాకా నడుముకి తువ్వాలు చుట్టుకుని తిరిగాడు. అయితే ఒకటి చెప్పాలి. రెండో కొండ ఎక్కి అటువైపు చూసినప్పుడు, ఎర్రటి బండలూ, వాటి కింద పసుప్పచ్చటి ఇసుకా, మనిషి అలికిడి లేకపోవడమూ, నా అంతటివాడే బండ మీద కూర్చుండిపోయాడు. మా ఆవిడకి చెబితే, ఆ కొండని ఇక్కడికి తెప్పించండి అంది.

ఇక నీ రిజిస్టరు. దారి మొదట్లో రేకు పెట్టె, పెట్టెలో పుస్తకం, పుస్తకానికి దారం కట్టిన పెన్సిలు. పేరు, ఎందరు, ఏ దారి, బయల్దేరిన వేళ, ఆఖర్న 'తిరిగి వచ్చిన వేళ'. పొద్దు వాలితే చాలు, ఆ ఆఖరి గడి వంక నువ్వు చూసే చూపు ఒక్కసారి మా అక్క వంక చూసి ఉంటే మీ సంసారం ఇంకోలా ఉండేది. గడి ఖాళీగా ఉంటే ఆ మనిషి లోపలే ఉన్నట్టు, వెతకడానికి పోవాలి. నిండితే గేటుకి తాళం. తెలుసులే. మూడేళ్ళ కింద నేను 'ఒంటె, ఒకటి, తిరిగి రాదు' అని రాస్తే, ఆ కాగితం నా ముఖం ముందు పెట్టి నువ్వు తిట్టిన తిట్లు మా నాన్న కూడా తిట్టలేదు.

అయినా శనివారం ఏడు కాకుండానే ఇంటికొచ్చి ముగ్గురం కలిసి తిన్నాం చూడు, దానికి నాకు ఆనందం. అక్క ముఖం చూశావా? రెండోసారి వడ్డిస్తూ పాడింది. మా అక్క పాడటం నేను నా పెళ్ళి తర్వాత వినలేదు.

అన్నట్టు, ఆ తాబేలు మాస్టారు మళ్ళీ కనపడ్డాడా? అదే, ప్రతి రాయి దగ్గరా ఆగి బొమ్మ గీసుకునే ఆ రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఊరికే అడిగాను.

అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీకు దేవుడిచ్చిన ఒకే ఒక్క తలనొప్పి


శుక్రవారం

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. నీ ఉత్తరం లారీలో వచ్చింది. అక్క చదివింది. నవ్వలేదు. ఎందుకో చెబుతాను.

నువ్వు అడిగిన మాస్టారు చనిపోయాడు.

మంగళవారం పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు రెండో కొండ దారిలో వెళుతూ, కింద బండల సందులో టోపీ చూశారు. దిగి చూస్తే ఆయన. మడమ విరిగి ఉంది. నీళ్ళ సీసా ఖాళీ. డాక్టరు సోమవారం మధ్యాహ్నం ప్రాణం పోయి ఉంటుందన్నాడు. అంటే శనివారం సాయంత్రం పడి, ఆదివారమంతా బతికే ఉన్నాడు. నువ్వు మీ ఇంట్లో బూటు దులుపుతున్నప్పుడు కూడా బతికే ఉన్నాడేమో.

ఆయన నాలుగు రోజులుగా బస్సులో వచ్చి బస్సులో పోతున్నాడు. కూడలి దగ్గర లాడ్జిలో దిగాడు. గేటు దగ్గర బండి లేదు కాబట్టి మాకు అనుమానం రాలేదు. లాడ్జి వాళ్ళు ఊరెళ్ళాడనుకున్నారు. రిజిస్టరులో ఆయన వరసలో ఆఖరి గడి నిండి ఉంది. ఆరూ పది అని రాసి ఉంది. ఆ గడి చూసే ఆ రాత్రి నేను తాళం వేసి వచ్చేశాను.

పై ఆఫీసు నుంచి విచారణకి ఒక అధికారి వచ్చాడు. నా దగ్గర తాళాలు తీసేసుకున్నారు. ఆయన అనేది ఒక్కటే మాట. చనిపోయినవాడు వచ్చి రాయలేదు, కాబట్టి ఇంటికి త్వరగా పోవాలని నువ్వే రాసుకున్నావు అంటున్నాడు. అది రుజువైతే ఉద్యోగం పోతుంది, ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ గేటు దాటి వెళ్ళిన మనిషి తిరిగి రాకుండా నేను నిద్రపోయింది లేదు. ఆ మాట చెబితే, అధికారి దాన్నీ రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నువ్వు పెట్టె పక్క రాతి మీద కూర్చుని ఉన్నావు. నేను నీళ్ళ టాంకు వాల్వు కట్టడానికి వెనక్కి వెళ్ళాను. ఆ కాసేపట్లో ఎవరైనా వచ్చారా? చూసింది చూసినట్టు రాయి.

ఇట్లు,
నీ బావ


బుధవారం

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదివాను. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. మా ఆవిడ, ప్రేమలేఖా ఏమిటి అంది. నా ముఖానికి ప్రేమలేఖ కూడానా అన్నాను. తర్వాత ఆవిడ నా కంచం వంక చూసి, నేను ముట్టని అన్నం తీసేసింది.

పాపం మాస్టారు. నాలుగు రోజుల్లో నాతో పది మాటలు మాట్లాడి ఉంటాడు. నేను బోర్డు రాస్తుంటే వెనక నిలబడి, మీ 'క్ష' బాగుందండీ అన్నాడు. నా జన్మలో నా 'క్ష'ని మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే.

ఎవరు రాసి ఉంటారంటావా? వరస తప్పి ఎవడైనా రాసుండొచ్చు. ఆ బ్యాంకు గుమాస్తా లాంటివాడు తన గడి అనుకుని పక్కవాడి గడిలో పొడిచి ఉంటాడు. మీ రిజిస్టరులో గీతలు కూడా అంత సన్నగా ఉంటే ఏం చేస్తారు జనం. అధికారికి ఆ మాట చెప్పు.

నువ్వేమీ కంగారుపడకు. నీ ఉద్యోగానికి ఏమీ కాదు, నేనున్నాను. నిన్ననే ఆ విచారణాధికారి పేరున సాక్ష్యంగా ఒక ఉత్తరం పంపించాను. ఏం రాశానో విను, వాళ్ళడిగితే నువ్వు తడబడకూడదు. నువ్వు టాంకు దగ్గరికి వెళ్ళినప్పుడు మాస్టారు తిరిగొచ్చాడు. పెట్టె తెరిచి వేళ రాసుకున్నాడు. వేళ తప్పుగా రాసుకున్నా రాసుకుని ఉంటాడు, పెద్దాయన కదా. తర్వాత, అయ్యో నా బొమ్మల పుస్తకం పైన మర్చిపోయానండీ అని నాతో అని, వద్దంటున్నా వినకుండా మళ్ళీ లోపలికి పోయాడు. చీకటి పడేలోగా వచ్చేస్తానన్నాడు. నేను ఆ మాట నీతో చెప్పడం మర్చిపోయాను. కాబట్టి మర్చిపోయిన తప్పు నాది, నీది కాదు. మర్చిపోయినందుకు జైల్లో వెయ్యరుగా.

ఎలా ఉంది? రాత్రంతా కూర్చుని అల్లాను. ఎవరికీ దెబ్బ తగలదు. పోయినాయనకి ఇక తగిలేదేముంది.

అక్కకి ధైర్యం చెప్పు. తిండి మానొద్దని చెప్పు.

ఇట్లు,
నీ వెనక కొండలా నిలబడ్డ
బావమరిది


ఆదివారం

బావమరిదికి,

నీ సాక్ష్యం అందింది. అధికారి చదివి, ఇక పెద్ద చిక్కేమీ లేదన్నాడు. సోమవారం నుంచి మళ్ళీ గేటు దగ్గరికి రమ్మన్నాడు. నా తాళాలు నా బల్ల మీద పెట్టాడు. అది గురువారం.

శుక్రవారం మాస్టారి తమ్ముడు వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడట. పెళ్ళాంబిడ్డలు లేని అన్నగారు ఆయన ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవాడట. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడడు. అన్నగారి సంచి తీసుకుపోవడానికి వచ్చాడు. ఆఫీసు గదిలో అధికారి నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాడు. మీ అన్నగారు పుస్తకం కోసం వెనక్కి వెళ్ళడం వల్లే జరిగిందండీ, ఎవరి తప్పూ లేదు అన్నాడు.

ఆ తమ్ముడు సంచిలోంచి బొమ్మల పుస్తకం తీశాడు. ఆఖరి కాగితాలు తిప్పి బల్ల మీద పెట్టాడు. బొమ్మల పక్కన రాత ఉంది. నేను చదివింది చదివినట్టు రాస్తున్నాను.

'శనివారం, ఐదూ ఇరవై. దిగుతూ కాలు జారాను. మడమ పోయింది. పుస్తకం, పెన్సిలు, నేను ముగ్గురం ఒకే చోట ఉన్నాం. భయం లేదు. పెట్టెలో పేరు రాసే వచ్చాను. గడి ఖాళీగా ఉంటే వెతుకుతారు.'

'ఏడు. ఈపాటికి చూసి ఉంటారు.'

'తొమ్మిది. పిలిచి గొంతు పోయింది. గాలి ఎదురు. బయల్దేరి ఉంటారు.'

'ఆదివారం. ఎవరూ రాలేదు. నా పేరు సరిగ్గా రాశానా?'

ఆ తర్వాత ఇంకా ఉంది. రాత వంకర్లు పోయింది.

ఆయన అధికారి వంక చూసి, "అన్నయ్య కిందికి రానే లేదండీ. ఆయన వచ్చాడని రాసినవాళ్ళు ఎవరో నాకు కావాలి," అన్నాడు. అక్క టీ ఇస్తే తీసుకుని, గ్లాసు కడిగి తిరిగి ఇచ్చాడు.

ఇప్పుడు అధికారి అనేదేమిటంటే, గడిలో రాసుకున్నదీ నేనే, సొంత బావమరిది చేత దొంగ సాక్ష్యం పంపించుకున్నదీ నేనే. ఒక నేరం రెండయింది. తాళాలు మళ్ళీ తీసుకున్నారు. నీకు నోటీసు వస్తుంది.

చనిపోయినవాడి మీద తోసి రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందని అక్క అడగమంది. అడిగాను.

ఇట్లు,
నీ బావ


బుధవారం

బావా,

నేనే రాశాను.

అక్క పేరు చెప్పి తప్పించుకోవడానికి కాదు గానీ, ఎలా జరిగిందో మొదటి నుంచి చెబుతాను. అప్పటికి మూడు రోజులుగా ఆ మాస్టారి వల్ల నువ్వు ఇంటికి ఆలస్యంగా వస్తున్నావు. అక్క వండి, మూత పెట్టి, మళ్ళీ వేడి చేసి, ఆఖరికి తను ఒక్కతే తిని పడుకునేది. శనివారం సాయంత్రం నేను వంటింట్లో గట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. "రేపు నువ్వు పోతావు. ఈ ఒక్క పూటైనా ముగ్గురం కలిసి తిందాంరా. ఆయన మాత్రం ఆ తాబేలు వచ్చేదాకా కదలడు," అంది. నేను తీసుకొస్తా చూడు అని చేతులు కడుక్కుని గేటు దగ్గరికి వచ్చాను.

నువ్వు వాల్వు కట్టడానికి వెళ్ళావు. నేను పెట్టె తెరిచాను. ఆయన బయల్దేరిన వేళ రాసిన అంకెలు చూశాను. సున్నాని కోడిగుడ్డులా గీస్తాడు, ఆరుకి తోక పొడుగ్గా లాగుతాడు. అలాగే దించాను. అది ఒక్క నిమిషం పని. నా జన్మలో నేను రాసిన అన్నిటికంటే చిన్న బోర్డు.

ఆయన ఎలాగూ ఓ అరగంటలో వస్తాడు, ఏడున్నర బస్సు ఎక్కిపోతాడు అనుకున్నాను. వచ్చి తన గడి నిండి ఉండటం చూసి బుర్ర గోక్కుంటాడని కూడా అనుకున్నాను. అది తలుచుకుని నవ్వుకున్నాను, బావా. నువ్వు టార్చి వేసి చూసి, పెట్టె మూసి, పద అన్నప్పుడు కూడా లోపల నవ్వుతూనే ఉన్నాను.

అన్నం తింటూ చెబుదామనుకున్నాను. నువ్వు తిట్టాలి, నేను తిట్లు తినాలి, అప్పుడే కదా నా ఆట పూర్తయ్యేది. నోటిదాకా వచ్చింది. అప్పుడే అక్క పాట అందుకుంది. చెబితే నువ్వు చెయ్యి కడుక్కుని లేచిపోతావు. కాసేపు ఆగి చెబుదాం అనుకున్నాను. తర్వాత పడుకునే ముందు అనుకున్నాను. పొద్దున వ్యాను హారన్ కొట్టింది. దారిలో అనుకున్నాను, ఆయన వచ్చే ఉంటాడులే, ఇంక చెప్పేదేముంది అని. ఇల్లు చేరాక ఉత్తరం చివర ఊరికే అడిగాను అని రాశాను. ఊరికే అడగలేదు.

నీ మొదటి ఉత్తరం అందినప్పుడు ఒప్పుకుని ఉంటే సగం మనిషినైనా మిగిలేవాణ్ణి. ఆ దొంగ సాక్ష్యం రాసేటప్పుడు నాకు నిజంగా ఉత్సాహం వచ్చింది. కథ బాగా కుదిరిందని. అక్క అడిగిన మాటకి జవాబు అదే, చెయ్యి దానంతటదే వచ్చింది. ఎవర్ని ఎలా ఆటపట్టించాలా అని యాభై ఏళ్ళుగా దానికి అదే పని నేర్పాను.

ఆయన తన పేరు సరిగ్గా రాశానా అని అనుమానపడ్డాడు. సరిగ్గానే రాశాడు. నేను చూశాను. ముత్యాల్లా ఉంది.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి అధికారికి ఇవ్వు. నోటీసు వచ్చేదాకా ఆగను, నేనే వచ్చి చెబుతాను రమ్మంటే. నీ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. నువ్వు ఆ గడిని నమ్మావు. ముప్పై ఒక్క ఏళ్ళు నమ్మినట్టే ఆ రోజూ నమ్మావు. నేను నిన్ను మోసం చేశాను.

ఇట్లు,
ఏమని రాసుకోను


మూడు వారాల తర్వాత, గురువారం

బావా,

ఆరు లారీలు వచ్చి పోయి ఉంటాయి. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. నోటీసూ రాలేదు. పోస్టుమాను నా వీధిలోకి వస్తే నా గుండె వాడి సైకిలు వెనకాలే పోతోంది.

మా ఆవిడకి అంతా చెప్పాను. తిట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రతిదానికీ తిట్టిన మనిషి ఈ ఒక్కదానికీ తిట్టకపోతే ఎంత భయంగా ఉంటుందో నీకు చెప్పలేను. రాత్రి నా పక్క వేసి, తన పక్క అవతలి గదిలో వేసుకుంది.

మందుల షాపు బోర్డు ఒకటి ఒప్పుకున్నాను. నిచ్చెనెక్కి కుంచె పట్టుకుని ఒక పూటంతా నిలబడి దిగిపోయాను. షాపాయన కింద నుంచి, ఏం గురూ, ఇవాళ జోకుల్లేవా అన్నాడు. వేరేవాణ్ణి చూసుకోమన్నాను.

ఒక్క ముక్క రాయి. తిట్టే రాయి. నీ ఉద్యోగం నీకు తిరిగొచ్చిందని తెలిస్తే చాలు.

ఇట్లు,
బావమరిది


మంగళవారం

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. కోపం కొద్దీ జవాబు రాయలేదనుకుని ఉంటావు. అది కాదు. నీ ఒప్పుకోలు చదివినప్పుడు ముందుగా నాకు కలిగింది సంతోషం. హమ్మయ్య, బయటపడ్డాను అనుకున్నాను. ఆ సంగతి నీకు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను ఆ గడిని నమ్మలేదు.

ఆ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా నేను ఆ పెట్టె పక్కనే నిలబడి దారి వంక చూస్తున్నాను. నువ్వు వచ్చింది తర్వాత. వాల్వు కట్టడానికి వెళ్ళింది ఆ తర్వాత. తిరిగొచ్చి టార్చి వేస్తే ఆరూ పది అని ఉంది. ఆయన అంకెలు నువ్వు బాగానే దించావు. కానీ ఆరూ పదికి ఆ పెట్టె దగ్గర ఉన్నది నేను. ఎవరూ రాలేదు. నువ్వు రాతి మీద కూర్చుని ఆకాశంలో ఏదో చూస్తున్నట్టు తల ఎత్తి ఉన్నావు. నీ పెదాల కొసలు చూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఎరుగుదును ఆ ముఖాన్ని. అప్పుడే, అక్కడే తెలిసిపోయింది.

నీ చెవి పట్టుకుని అది కొట్టేయించి, మళ్ళీ కూర్చోవాలి. ఆయన రాకపోతే చీకట్లో మనుషుల్ని పోగుచేసుకుని కొండెక్కాలి. మోకాళ్ళు లాగుతున్నాయి. మూడు రోజులు ఆయన కోసం కూర్చున్నాను, మూడు రోజులూ నవ్వుతూ వచ్చాడు. ఇవాళా వస్తాడనుకున్నాను. గడి నిండి ఉంది. రాసింది నా చెయ్యి కాదు. రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి కాగితం ఉంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టింది? నువ్వు రాయడానికి పట్టినంతసేపే. పద అన్నాను.

అన్నం దగ్గర నువ్వు చెబుదామని ఆగిపోయానన్నావు. నువ్వు ఏదో చెప్పబోతున్నావని నేనూ గమనించాను. చెప్పకపోతే బాగుండునని ఇంకాస్త కూర వేయించుకున్నాను.

చూసింది చూసినట్టు రాయి అని నీకు మొదటి ఉత్తరంలో రాసింది కూడా అందుకే. నువ్వు ఒప్పుకుంటే నా సంగతి ఎవరికీ తెలియకుండా పోతుందని. నువ్వు దొంగ సాక్ష్యం పంపావు. నేను నీ నిజమైన సాక్ష్యం చాటున దాక్కోవాలని చూశాను. పైగా నీకు నీతి కూడా చెప్పాను.

నీ ఉత్తరం నా చొక్కా జేబులో పది రోజులుంది. అది ఇచ్చేస్తే నా ఉద్యోగం నాకొస్తుంది, నువ్వే ఇవ్వమన్నావు. రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. ఆవగింజంత కూడా తప్పు లేదన్న నీ మాట దగ్గర కాలు ఆగిపోయేది. ఆఖరికి అక్కకి చెప్పాను. అక్క అంతా విని గోడకి ఆనుకుని, "అన్నానికి పిలిచింది నేను," అంది. నీకు సంబంధం లేదే అన్నాను. వినిపించుకోలేదు. అప్పటి నుంచి ఆవిడ రాత్రి పూట పొయ్యి వెలిగించడం లేదు.

ఆ మర్నాడు నీ ఉత్తరం కింద నా మాట నేను రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఉద్యోగం పోయింది. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. నీ మీద కేసు పెట్టే సంగతి పోలీసులు చూస్తారట, అది నా చేతిలో లేదు. మీ వీధికి దూరంగా మాకు ఒక గది చూడు. మీ ఇంట్లో వద్దు. అక్క ఇంకా నీ పేరు పలకడం లేదు, నాతో కూడా అవసరానికే మాట్లాడుతోంది.

మాస్టారి తమ్ముడికి నేనే వెళ్ళి చెప్పాను. షాపులో ఎవరో ముసలావిడకి కళ్ళజోడు సరిచేస్తున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా నిలబడి, తర్వాత చెప్పాను. అరుస్తాడనుకున్నాను. కొడితే కొట్టించుకుందామనే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ చోటు నేనింకా చూడలేదు. మీరు చూపించండి. రాసినాయన్ని కూడా రమ్మనండి. ఇక్కడ కాదు, అక్కడ చెప్పండి నాకు," అన్నాడు.

ఆదివారం వస్తున్నాడు. నువ్వు శనివారం లారీలో రా. నేను ఇప్పుడు గార్డుని కాదు కాబట్టి మనం ముగ్గురం అందరిలాగే టికెట్టు తీసుకుని లోపలికి వెళతాం.

నేను మొన్న ఒక్కణ్ణే ఆ బండల సందులోకి దిగి చూశాను. వెళ్ళకుండా ఆదివారం నేరుగా ఆయన్ని తీసుకుపోలేననిపించింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ సందులోంచి చూస్తే కొండంతా అడ్డమే గానీ, ఒక్కచోట మాత్రం ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి మన వంటింటి కిటికీ కనపడుతుంది. అక్క దీపం వేసింది. ఇంత చిన్నది, కానీ స్పష్టంగా ఉంది. మన నీడలు ఆయనకి కనపడి ఉండవు, అంత దగ్గర కాదు. దీపం ఎప్పుడు ఆరిపోయిందో మాత్రం చూసే ఉంటాడు.

దారి పొడుగునా నువ్వేం మాట్లాడకపోయినా ఫరవాలేదు. అక్కడికి చేరాక ముందు నేను చెబుతాను, తర్వాత నువ్వు చెప్పు. నువ్వు ముందు చెబితే అంతా నీ మీదే వేసుకుంటావు. అప్పుడు నేను మాట్లాడకుండా ఊరుకుంటానేమోనని నాకు భయం.

ఇట్లు,
నీ బావ